ఒకే ఫైబర్‌లో దాగిన సంకేతం: విజయవాడ–గుంటూరు దూరానికి లెక్క, బల్లమీద ప్రయోగం

ఎన్‌క్రిప్షన్ ఉంటే సందేశం ఎవరూ చదవలేరు. కానీ ఇద్దరి మధ్య ఏదో నడుస్తోందన్న సంగతి మాత్రం లైన్ చూసేవాడికి తెలిసిపోతుంది. గుప్త సంకేతం ఆ సంగతిని కూడా దాచాలి. లైన్ మీద కన్నేసినవాడిని "ఇవాళ ఏమైనా పంపారా?" అని అడిగితే, ఎంత లెక్క వేసినా ఊహించి చెప్పినంత దగ్గరే అతని జవాబు ఆగిపోవాలి. డేటా నడుస్తున్న ఫైబర్‌లోనే ఒక్కొక్క ఫోటాన్ స్థాయిలో ఈ పని ఎలా చెయ్యాలో, ముందు కాగితం మీద, తర్వాత ల్యాప్‌టాప్‌లో, ఆపైన ల్యాబ్ బల్ల మీద చూద్దాం. ఈసీఈ, ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు సరిపోయే పని ఇది. పక్కనే అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి ఎంత మాట నడుస్తున్నా, దీనికి క్వాంటమ్ కంప్యూటర్ అక్కర్లేదు. మంచి ఫోటాన్ డిటెక్టర్, ఓపిక ఉంటే చాలు.

పేపర్లలో ఆలిస్, బాబ్, విల్లీ అంటారు. ఇక్కడ పంపే చోటు విజయవాడ, అందుకునే చోటు గుంటూరు, మధ్యలో ట్యాప్ వేసి చూసే కాపలాదారు మంగళగిరి. బల్ల మీద డబ్బాలకు ఈ పేర్లే అంటించండి, నోట్సులో గందరగోళం ఉండదు. ఒక షరతు: ఇదంతా మీ సొంత స్పూల్ (చుట్టగా చుట్టిన ఫైబర్) మీదే. ఆపరేటర్ లైన్‌లోకి అనుమతి లేకుండా వెలుతురు పంపడం గానీ ట్యాప్ వెయ్యడం గానీ వద్దు.

ముందు నాయిస్ సంగతి

మొదటి లెక్క మంగళగిరి వైపు నుంచి వెయ్యాలి. చాలా ప్రాజెక్టులు గుంటూరులో బిట్లు ఎన్ని అందుతాయో చూసుకుని, కాపలాదారుని చివర్లో తలుచుకుంటాయి. అక్కడే దెబ్బ తింటాయి. కాపలాదారుకు ఏ నాయిస్ కనబడుతుందో అదే మనకు ముసుగు. అది లేకపోతే దాగడానికి చోటే లేదు.

1550 నానోమీటర్ల దగ్గర గది వేడి వల్ల వచ్చే ఫోటాన్లు లేనట్టే: ఒక మోడ్‌కు సుమారు 3.6 × 10⁻¹⁴. పోల్చి చూడటానికి, 10 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ దగ్గర అదే సంఖ్య 600 పైమాటే. అందుకే ఖాళీ ఫైబర్‌లో, పర్‌ఫెక్ట్ డిటెక్టర్ ఉన్న కాపలాదారు ముందు ఏమీ దాచలేం. ఒక్క క్లిక్ (ఫోటాన్ పడిందని డిటెక్టర్ ఇచ్చే గుర్తు) వినబడితే చాలు, దొరికిపోయినట్టే. 2015లో బౌలత్ బాష్, సహచరులు నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఈ సంగతిని సిద్ధాంతంగానూ ప్రయోగంగానూ చూపించారు: నష్టం ఒక్కటే ఉన్న చానెల్‌లో గుప్తత కుదరదు, అదనపు నాయిస్ ఉంటేనే కుదురుతుంది.

పంచుకున్న ఫైబర్‌లో ఆ నాయిస్ దానంతటదే వస్తుంది. పక్క చానెళ్లలో నడిచే డేటా లేజర్ల వెలుతురు గాజులో చెదిరి, రామన్ ప్రభావం వల్ల రంగు మారి మన చానెల్‌లో పడుతుంది. క్యూకేడీ (ఫోటాన్లతో రహస్య కీ పంచుకునే పద్ధతి) చేసేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. తప్పించుకోవడానికి క్వాంటమ్ సంకేతాన్ని 1310 నానోమీటర్లకు మారుస్తారు. మనం మాత్రం పనిగట్టుకుని 1550 దగ్గరే, డేటా చానెళ్ల పక్కనే కూర్చోవాలి.

ఎంత వస్తుందో అంచనా కట్టడం తేలిక. ఫైబర్ చివర మిగిలిన డేటా పవర్‌ను రామన్ గుణకంతో, పొడవుతో, ఫిల్టర్ వెడల్పుతో గుణించండి. సాధారణ సింగిల్ మోడ్ ఫైబర్‌లో ఆ గుణకం కిలోమీటరుకు, నానోమీటరుకు సుమారు 2 × 10⁻⁹. విజయవాడ నుంచి మంగళగిరి మీదుగా గుంటూరుకు 35 కి.మీ. అనుకుందాం. కి.మీ.కు 0.2 డీబీ చొప్పున 7 డీబీ నష్టం. 1 మిల్లీవాట్ పంపితే 0.2 మిల్లీవాట్ మిగులుతుంది. 0.8 నానోమీటర్ ఫిల్టర్‌తో చివర పడే రామన్ వెలుతురు సుమారు 1.1 × 10⁻¹¹ వాట్లు, అంటే సెకనుకు 8.7 కోట్ల ఫోటాన్లు. 1 నానోసెకండు గేటుకు (డిటెక్టర్ తెరుచుకుని ఉండే క్షణానికి) 0.087. అలాంటి చానెళ్లు ఆరు నడిస్తే దాదాపు 0.5. బల్ల మీద మనం తయారుచేసుకోవాల్సిన నాయిస్ అదే.

ట్యాప్ ఎక్కడ వేశారన్నదాన్ని బట్టి ముసుగు మందం మారుతుంది. ముందుకు వెళ్లే రామన్ నాయిస్ దూరంతో పెరిగి, 22 కి.మీ. దగ్గర గరిష్ఠానికి చేరి, మళ్లీ తగ్గుతుంది. 12 కి.మీ. దగ్గర మంగళగిరిలోనూ 35 కి.మీ. దగ్గర గుంటూరులోనూ అది దాదాపు సమానం. కానీ విజయవాడ నుంచి ఒక్క కిలోమీటరు దూరంలో ట్యాప్ వేస్తే నాయిస్ ఏడో వంతుకు పడిపోతుంది, మన సంకేతం మాత్రం 1.66 రెట్లు బలంగా ఉంటుంది. నాయిస్ ఊగిసలాట దాని వర్గమూలంతో మారుతుంది కనుక, రెండూ కలిసి కాపలాదారుకు నాలుగు రెట్ల పైన లాభం. కాబట్టి బడ్జెట్ ఎప్పుడూ అన్నిటికన్నా చెడ్డ ట్యాప్‌కే వెయ్యాలి. పంపే చోటే డేటా కోసం ఈడీఎఫ్ఏ (ఫైబర్‌లోనే వెలుతురు బలం పెంచే) ఆంప్లిఫైయర్ రోజంతా నడుస్తుంటే, అది తనంతట తాను వెదజల్లే ఏఎస్ఈ నాయిస్ ఈ లోటు తీరుస్తుంది. అయితే మీరు పంపినా పంపకపోయినా అది ఒకేలా వెలుగుతూ ఉండాలి.

కాపలాదారు బడ్జెట్

మంగళగిరి దగ్గర 10 శాతం ట్యాప్, 20 శాతం సామర్థ్యం ఉన్న డిటెక్టర్ అనుకుందాం. రెండూ కలిపి 0.02. ట్యాప్ దగ్గరికి గేటుకు 0.5 నాయిస్ ఫోటాన్లు వస్తుంటే, మనం ఏమీ పంపనప్పుడు అతని క్లిక్ సంభావ్యత 0.01. సెకనుకు 10 లక్షల గేట్లు, 1000 సెకన్లు, మొత్తం 100 కోట్ల స్లాట్లు (ఒక్కో గేటు ఒక స్లాటు).

అతని తప్పు సంభావ్యత 0.5 అయితే పూర్తిగా గుడ్డి ఊహ. మనం 0.45కి తగ్గకూడదని పెట్టుకుందాం. సూత్రం ఇది: తప్పు సంభావ్యత ≥ 1/2 − √(డెల్టా/8). ఇక్కడ డెల్టా అంటే పంపినప్పటి, పంపనప్పటి గణాంకాల మధ్య మొత్తం రెలటివ్ ఎంట్రపీ (రెండూ ఎంత వేరుగా ఉన్నాయో చెప్పే కొలత), నాట్లలో, అంటే సహజ లాగరిథమ్ యూనిట్లలో. 0.05కి డెల్టా 0.02 వస్తుంది. ఒక్క స్లాటుకు ఆ ఎంట్రపీ దాదాపు (క్లిక్ సంభావ్యతలో పెరుగుదల)² ÷ (2 × 0.01 × 0.99). దాన్ని 100 కోట్లతో గుణించి 0.02కు సమానం చేస్తే, స్లాటుకు అనుమతించే పెరుగుదల 6.3 × 10⁻⁷.

ఈ అంకె భౌతికంగా ఏమిటో చూడండి. కాపలాదారుకు మామూలుగా వచ్చే క్లిక్కులు కోటి, వాటి సహజ ఊగిసలాట సుమారు 3,146. మనం కలిపేది 629. అంటే ఆ ఊగిసలాటలో 0.2 వంతు, 0.2 సిగ్మా. ఇన్ని క్లిక్కులు దాటితే పంపినట్టే అని అతను ఎంత మంచి గీటు గీసినా తప్పు 0.46 దగ్గరే ఉంటుంది, మన హద్దుకు కాస్త పైనే.

వర్గమూలం నియమం ఇక్కడినుంచే పుడుతుంది. స్లాట్లు నాలుగు రెట్లు చేస్తే ఊగిసలాట రెండు రెట్లే పెరుగుతుంది, దాగే ఫోటాన్లూ రెండు రెట్లే. కాబట్టి సమయం పెంచితే స్లాటుకు సగటు పవర్ తగ్గించి తీరాలి. పవర్ అలాగే ఉంచి 100 రెట్లు ఎక్కువసేపు పంపితే 0.2 సిగ్మా కాస్తా 2 సిగ్మా అవుతుంది.

విజయవాడ పంపేది, గుంటూరుకు అందేది

629 క్లిక్కులను 0.0198తో భాగిస్తే (0.02లో నాయిస్ ముందే నొక్కేసిన గేట్లు పోగా మిగిలేది) 31,800 ఫోటాన్లు. పల్సుకు సగటున ఒక ఫోటాన్ చొప్పున, 100 కోట్ల స్లాట్లలో సుమారు 31,800 పల్సులు. అంతే మన ఆస్తి.

గుంటూరు వైపు: ట్యాప్ దాటేది 0.9, 25 కి.మీ. స్పూల్‌లో 5 డీబీ, కనెక్టర్లలో 1 డీబీ, డిటెక్టర్ 0.2. మొత్తం 0.045. నాయిస్ కూడా అదే దారిలో తగ్గి గేటుకు 0.0226. పల్సు ఉన్న గేటులో క్లిక్ సంభావ్యత 0.0655, లేని గేటులో 0.0223.

తేలికైన కోడింగ్: ఒక బిట్టుకు రహస్య స్లాట్ల జతలు. మొదటి దానిలో పల్సు పెడితే సున్నా, రెండోదానిలో పెడితే ఒకటి. ఒకే బిట్టును 427 జతల్లో తిరిగి పంపి, రెండు వైపుల క్లిక్కులు పోల్చితే వెయ్యిలో ఒక్క తప్పు వస్తుంది. ఆ లెక్కన 1000 సెకన్లలో 74 బిట్లు. మంచి ఎర్రర్ కరెక్టింగ్ కోడ్‌తో పైహద్దు సుమారు 530 బిట్లు. మొదటి ప్రాజెక్టుకు పునరావృతం చాలు. కోడ్ సంగతి ఆపైన చూసుకోవచ్చు.

74 బిట్లంటే మరీ తక్కువ అనిపిస్తుంది, నిజమే. యూటీఎఫ్-8లో ఒక్క తెలుగు కోడ్‌పాయింటుకు 24 బిట్లు, మూడు దాటలేం. కానీ యూనికోడ్‌లో తెలుగు బ్లాకు మొత్తం 128 స్థానాలే, 7 బిట్లు సరిపోతాయి. "గుంటూరు" అన్న మాటలో ఏడు కోడ్‌పాయింట్లు, 49 బిట్లు, హాయిగా పడుతుంది. "విజయవాడ" కూడా 49. రెండూ కలిపి ఒకే విడతలో పట్టవు.

స్లాట్ల జాబితా రెండు చోట్లా ముందే ఉండాలి. ఒక్కో పల్సు స్థానం చెప్పడానికి 30 బిట్లు చొప్పున చూస్తే దాదాపు తొమ్మిదిన్నర లక్షల బిట్ల కీ కావాలి. పంపేది 74 బిట్లు! అందుకని 256 బిట్ల విత్తనం పెట్టి ఏఈఎస్ (ప్రామాణిక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) కౌంటర్ మోడ్‌తో స్లాట్లు పుట్టించండి. భద్రత అప్పుడు గణన కష్టం మీద ఆధారపడుతుందని రిపోర్టులో రాయండి. "నిరపేక్ష భద్రత" అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న దానిమీదే వస్తుంది.

ల్యాప్‌టాప్‌లో

100 కోట్ల స్లాట్లను ఒక్కొక్కటిగా నడపొద్దు. కాపలాదారుకు కావాల్సింది మొత్తం క్లిక్కులే. నమ్‌పైలో బైనామియల్ ఫంక్షన్‌కు స్లాట్ల సంఖ్య, సంభావ్యత ఇస్తే ఒక విడత ఒక్క అంకెలో వచ్చేస్తుంది. సంభావ్యత 0.01తో 10,000 విడతలు, 0.01 + 6.3 × 10⁻⁷తో మరో 10,000 విడతలు తీయండి. గీటు 1,00,00,315 దగ్గర పెట్టి, రెండు రకాల తప్పుల సగటు చూడండి. 0.46 దగ్గర రావాలి. 1000 విడతలతో సరిపెడితే ఫలితమే ఒక శాతానికి పైగా అటూ ఇటూ ఊగుతుంది. స్లాట్లు వెయ్యి కోట్లకు పెంచేటప్పుడు విండోస్‌లో పాత నమ్‌పై వెర్షన్లు 32 బిట్ల పూర్ణాంకం వాడి తప్పు చూపిస్తాయి. 64 బిట్లని స్పష్టంగా చెప్పండి. గుంటూరు వైపు మాత్రం 427 జతలు విడివిడిగా నడిపి, బిట్ తప్పులు లెక్కించండి.

బల్ల మీద

కావాల్సినవి: 1550 నానోమీటర్ డీఎఫ్‌బీ లేజర్, దానికి నానోసెకండు పల్స్ డ్రైవర్, మార్చుకోగల అటెన్యుయేటర్ ఒకటి, 30 డీబీ స్థిర అటెన్యుయేటర్లు రెండు, నాయిస్ కోసం ఈడీఎఫ్ఏ గానీ సూపర్ ల్యుమినిసెంట్ డయోడ్ గానీ, 100 గిగాహెర్ట్జ్ ఫిల్టర్లు, 50:50, 90:10 కప్లర్లు, 25 కి.మీ. స్పూల్, గేటెడ్ ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్లు రెండు, పల్సులకు, గేట్లకు సమయం పెట్టే ఎఫ్‌పీజీఏ బోర్డు. కప్లర్లు, ప్యాచ్ కార్డులు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చేవాళ్ల దగ్గరే దొరుకుతాయి, స్ప్లైసింగ్ కూడా వాళ్ల మెషిన్ మీదే చేయించుకోవచ్చు. డిటెక్టర్ ఒక్కటే ఉంటే ముందు మంగళగిరి కొలతలు, తర్వాత గుంటూరు కొలతలు తీసుకోండి.

వరస ముఖ్యం. లేజర్, అటెన్యుయేటర్లు, తర్వాత 50:50 కప్లర్‌లో నాయిస్ కలవాలి, ఆ తర్వాత 90:10 ట్యాప్, ఆపైన స్పూల్. నాయిస్‌ను ట్యాప్ తర్వాత కలిపితే మంగళగిరికి ముసుగు లేని సంకేతం వెళ్తుంది. గుంటూరు మాత్రమే నాయిస్‌తో ఇబ్బంది పడుతుంది. ప్రయోగం మొత్తం తలకిందులైనట్టే.

పల్సులో ఒక ఫోటాన్ ఎలా పెట్టాలి? 1 మిల్లీవాట్ శిఖరం, 1 నానోసెకండు వెడల్పు ఉన్న పల్సులో 78 లక్షల ఫోటాన్లుంటాయి. ఒకటికి దించాలంటే 69 డీబీ, కప్లర్ నష్టంతో కలిపి. సెకనుకు 10 లక్షల పల్సులు పెట్టి చూస్తే సగటు పవర్ −30 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ), మీటర్‌కు తేలిగ్గా అందుతుంది. తగ్గించాక −99 డీబీఎం, మామూలు మీటర్‌కు అందదు. అందుకే ఒక్కో అటెన్యుయేటర్‌ను విడిగా కొలిచి కూడండి. నాయిస్‌ను ట్యాప్ ముందు −72 డీబీఎం దగ్గర పెట్టండి, అది గేటుకు 0.5 ఫోటాన్లు. 1550 వెలుతురు కంటికి కనబడదు, ఫైబర్ కొసలోకి తొంగి చూడొద్దు.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికన్నా ముందు మాడ్యులేటర్, అంటే ఎప్పుడూ వెలిగే లేజర్ ముందు షట్టర్‌లా తెరిచి మూసే పరికరం పెట్టుకుంటే వచ్చే చిక్కు. లిథియం నయోబేట్ మాడ్యులేటర్ మూసినా 30 డీబీ మేరకే ఆపుతుంది. పల్సుకు ఒక ఫోటాన్ అయితే, మూసిన స్లాటులో 0.001 కారుతుంది. 100 కోట్ల స్లాట్లకు 10 లక్షల ఫోటాన్లు! మనం దాస్తున్నవేమో 31,800. మంగళగిరిలో అదనంగా 20,000 క్లిక్కులు, 6 సిగ్మా పైన. బిట్లు గుంటూరుకు చక్కగా అందుతూనే ఉంటాయి కాబట్టి ఈ లోపం బయటపడదు. కారుడు మన బడ్జెట్‌లో 3 శాతానికి దిగాలంటే 60 డీబీ కావాలి, అంటే రెండు మాడ్యులేటర్లు వరసగా. అంతకన్నా చవకైన దారి మాడ్యులేటర్ తీసేసి, లేజర్‌నే కరెంట్ పల్సుతో వెలిగించడం. డీసీ బయాస్ సున్నా పెట్టాలి. త్రెషోల్డ్ దగ్గర బయాస్ ఉంచితే లేజర్ మసగ్గా వెలుగుతూనే ఉంటుంది.

రెండోది ఫిల్టర్ వెడల్పు. పైన 100 గిగాహెర్ట్జ్ నాయిస్‌తో లెక్క వేశాం. 1 నానోసెకండు పల్సు వెడల్పు 1 గిగాహెర్ట్జ్ లోపే ఉండొచ్చు. కాపలాదారు 1 గిగాహెర్ట్జ్ ఫిల్టర్ తెచ్చుకుంటే నాయిస్ నూరో వంతు, మన 0.2 సిగ్మా 2 సిగ్మా, తప్పు 0.16. కాబట్టి అతని దగ్గర మన పల్సుకు సరిపోయేంత సన్న ఫిల్టర్ ఉందనే లెక్క వెయ్యాలి. అప్పుడు పల్సులు 3,200కు పడిపోతాయి. గుంటూరు కూడా అదే ఫిల్టర్ పెట్టుకుంటే కొంత తిరిగి వస్తుంది, పైహద్దు సుమారు 130 బిట్లు. సమయంలోనూ ఇదే కథ: 50 పికోసెకండ్ల పల్సును 1 నానోసెకండు గేటులో ఎప్పుడూ ఒకే చోట పెడితే, వేగమైన డిటెక్టర్ ఉన్నవాడు ఆ ఇరవయ్యో వంతునే చూస్తాడు. పల్సు గేటు నిండా ఉండాలి, లేదా దాని చోటు కూడా రహస్యంగా మారుతుండాలి. పోలరైజేషన్ కూడా స్థిరంగా ఉంటే నాయిస్‌లో సగం అతను వడగట్టేస్తాడు.

ఎండాకాలంలో ఏసీ ఆగితే స్పూల్ మోసం చేస్తుంది. వేడికి ఫైబర్ ఆలస్యం కి.మీ.కు, డిగ్రీకి సుమారు 40 పికోసెకండ్లు మారుతుంది. 25 కి.మీ.కి ఒక్క డిగ్రీ తేడా అంటే 1 నానోసెకండు, అంటే పల్సు గేటు బయట పడినట్టే. స్పూల్‌ను థర్మకోల్ పెట్టెలో ఉంచండి. ఆలస్యాన్ని సరిచెయ్యడానికి క్వాంటమ్ చానెల్‌లో ప్రత్యేక సింక్ పల్సులు పంపితే రహస్యం బయటపడుతుంది. అదే ఫైబర్‌లో నడిచే డేటా చానెల్ గడియారాన్నే అనుసరించండి, రెండూ ఒకేలా జరుగుతాయి. పంచుకున్న ఫైబర్‌లో ఇది పెద్ద సుఖం. స్తంభాల మీద ఎండకు వేలాడే 35 కి.మీ. కేబుల్‌లో పగటికీ రాత్రికీ 15 డిగ్రీలు మారితే 20 నానోసెకండ్లు దాటుతుంది.

డెడ్ టైమ్: ఈ డిటెక్టర్లు క్లిక్ అయ్యాక 10 మైక్రోసెకండ్లు నిద్రపోవాలి, లేదంటే ఆఫ్టర్‌పల్సులు (కొత్త ఫోటాన్ లేకుండానే వచ్చే దొంగ క్లిక్కులు) వస్తాయి. గుంటూరులో అన్ని గేట్లూ తెరిస్తే 18 శాతం సమయం పోతుంది. రహస్య స్లాట్లలోనే గేటు తెరవండి. అవి సగటున 15 మిల్లీసెకండ్ల దూరంలో ఉంటాయి కనుక నష్టం దాదాపు ఉండదు. మంగళగిరికి ఆ సౌకర్యం లేదు.

కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చ ఏపీసీని (ఏటవాలు కొస) నీలం యూపీసీకి (తిన్నని కొస) తగిలిస్తే నష్టం డీబీల్లో పెరుగుతుంది, కొసలు కూడా చెడతాయి. ట్యూబ్‌లైట్ వెలుతురు పసుపు జాకెట్ గుండా లోపలికి చేరుతుంది, నల్లగుడ్డ కప్పండి. తేమ ఎక్కువున్న రోజుల్లో చల్లబరిచిన డిటెక్టర్ మీద నీరు పట్టకుండా చూడాలి.

రుజువు చూపడం

0.2 సిగ్మాను బల్ల మీద నేరుగా కొలవలేరు, వందల విడతలు కావాలి. పవర్‌ను 5, 10, 20 రెట్లు పెంచి కాపలాదారు తప్పు ఎలా పడుతుందో కొలవండి: 10 రెట్ల దగ్గర 0.16 రావాలి. ఆ గీత లెక్కతో కలిస్తే కింది బిందువు నమ్మదగినదే. అంతకుముందు లేజర్ ఆపి, నాయిస్ ఒక్కటే పెట్టి, వరసగా 20 విడతలు తీయండి. క్లిక్కుల ఊగిసలాట 3,000 చుట్టూ ఉండాలి. చాలాసార్లు లక్షల్లో వస్తుంది, ఎందుకంటే నాయిస్ సోర్స్ పవర్ ఒక్క శాతం జరిగితేనే లక్ష క్లిక్కులు. ఇది మనకు లాభమని సంబరపడొద్దు. కాపలాదారు పక్క చానెల్‌లో నాయిస్ కొలిచి ఆ కదలికను తీసేస్తాడు. మీరూ అలాగే ఒక రిఫరెన్స్ చానెల్ పెట్టి, దాంతో భాగించాకే ఫలితం రాయండి.

బడ్జెట్ ఒక్కో సందేశానికి ఉండదు, లైన్ జీవితకాలానికి ఉంటుంది. 0.2 సిగ్మా సందేశాలు 25 పంపితే, రికార్డులన్నీ దాచుకున్న కాపలాదారుకు అవి కలిసి 1 సిగ్మా అవుతాయి. ఏడాదిలో ఎన్ని విడతలు పంపాలో ముందే నిర్ణయించి, డెల్టా 0.02ను వాటన్నిటికీ పంచి, ఆ తర్వాతే మొదటి పల్సు పవర్ పెట్టండి.